విటమిన్ ఈ అని అమ్మి డబ్బా మీద టోకోఫెరిల్ అసిటేట్ అని రాసుంది, ఇది అదేనా?

అల్లూరు_గట్టు:
అందరికీ నమస్కారం. మాది అల్లూరు మండలం, ఇస్కపల్లి పోయే దారిలో రెండు రొయ్యల గుంటలు ఉండాయి, ఒక్కోటి ఎకరా, వనామీ రకం రొయ్య వేసినాం, ఈ రోజుకి 46 రోజులు. పోయిన వారం రాత్రి రెండు గంటలప్పుడు కరెంటు పోయింది, జనరేటర్ స్టార్ట్ అయ్యేదానికి ముక్కాలు గంట పట్టింది, నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లన్నీ ఆగిపొయ్యి తెల్లారి చూస్తే రొయ్య గట్టు పక్కకి వొచ్చి తేలతా ఉండింది. దేవుడి దయ, చావు పెద్దగా లేదు గానీ అప్పట్నుంచి మేత సరిగా తినడం లేదు, మేత తింటుండాయో లేదో చూసే చెక్ ట్రేలో మిగిలిపోతా ఉండాది, చేతిలోకి తీసుకుంటే షెల్ కూడా మెత్తగా తగులుతా ఉండాది. మందుల షాపాయన దగ్గరికి పోతే స్ట్రెస్ అయిందన్నా, విటమిన్ ఈ వాడు అని లీటర్ డబ్బా ఇచ్చినాడు, సగం మేతలో కలుపు సగం నీళ్ళలో కొట్టు అన్నాడు. ఒక గుంటలో అర లీటర్ కొట్టేసినా. నీళ్ళ మీద గాలివాటం మూలకి నూనె మెరుపు మాదిరి చేరింది అంతే, ఇంకేమీ కనపడలా. సాయంత్రం మా పాప, ఇంటర్ బైపీసీ చదువుతా ఉంది, డబ్బా తిప్పి చూసి నాయినా దీంట్లో విటమిన్ ఈ అని యాడా లేదు, లీటర్‌కి ఆల్ఫా టోకోఫెరిల్ అసిటేట్ 20 గ్రాములు, సోడియం సెలెనైట్ కొంచెం అని ఉంది అనింది. అసిటేట్ అంటే ఏందో కెమికల్ కదా. నన్ను మోసం చేసినాడా, లేకపోతే అదే ఇదేనా? తెలిసినోళ్ళు చెప్పండన్నా, మిగిలిన అర లీటర్ పక్కన పెట్టినా.

కొత్తపట్నం_రొయ్య:
అన్నా మేం ఇట్టాంటివి చాలా చూశాం. నిజం విటమిన్ ఈ అయితే విటమిన్ ఈ అనే రాస్తారుగా, దాచాల్సిన పనేముంది. మా వైపు ఒక సీజన్‌లో సీసా మీద ఒక పేరు, లోపల ఒకటి, పంట పోయాక అడిగితే నీ నీళ్ళు బాలేదంటారు. డబ్బా తిరిగిచ్చెయ్, బిల్లు తీసుకున్నావా ముందు?

మందుల_కొట్టు_కావలి:
బిల్లు మాట కరెక్టే గానీ పేరు మాట కాదు. నేను మనుషుల మందులు అమ్మేవాడిని, పద్దెనిమిదేళ్ళ నుంచి. అందరికీ తెలిసిన ఆకుపచ్చ విటమిన్ ఈ క్యాప్సూల్, ఎవియన్ 400, ఆ అట్ట వెనక చిన్న అక్షరాలు చదవండి, అక్కడ కూడా టోకోఫెరిల్ అసిటేట్ అనే ఉంటుంది. అంటే మోసం కాదు, మందుగా వచ్చే విటమిన్ ఈ ఎక్కువగా ఆ రూపంలోనే వస్తుంది. ఎందుకు ఆ రూపం అనేది కెమిస్ట్రీ చదివినోళ్ళు చెప్తే బాగుంటుంది.

ల్యాబ్_పిల్ల_నెల్లూరు:
నేను చెప్తాను అన్నా, నా పీహెచ్‌డీ ఈ చుట్టుపక్కలే తిరుగుతుంది. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

విటమిన్ ఈ అనేది ఒక్క పదార్థం కాదు, ఎనిమిది ఉన్నాయి, నాలుగు టోకోఫెరాల్‌లు నాలుగు టోకోట్రైఇనాల్‌లు. అందులో మన ఒంట్లో నిలిచి పనిచేసేది ప్రధానంగా ఆల్ఫా టోకోఫెరాల్. దాని తల దగ్గర ఒక ఓహెచ్ గుంపు ఉంటుంది, పనంతా దానిదే. కొవ్వు కుళ్ళిపోయేటప్పుడు పుట్టే ఫ్రీ రాడికల్‌కి అది తన హైడ్రోజన్‌ని ఇచ్చేసి ఆ మంటని అక్కడితో ఆపేస్తుంది. ఇబ్బంది ఏంటంటే అది ఎవరికైనా ఇచ్చేస్తుంది, సీసాలో ఉండగానే గాలికి, వెలుతురుకి, వేడికి, ఇనుము రాగి తగిలినా ఖర్చయిపోతుంది. మేతలో మినరల్స్ ఉంటాయి, మిల్లులో ఆవిరి పెడతారు, గోడౌన్‌లో నెలలు ఉంటుంది, మామూలు టోకోఫెరాల్ వేస్తే రొయ్య నోటికి చేరేసరికి చాలావరకు పోయి ఉంటుంది.

అందుకని ఆ ఓహెచ్ మీద అసిటిక్ యాసిడ్ ముక్కని అతికించి మూసేస్తారు, అదే అసిటేట్. బీరువాకి తాళం వేసినట్టు అనుకోండి, లోపల సొమ్ము అట్లాగే ఉంటుంది, తాళం ఉన్నంతసేపు బయటవాడూ తీసుకోలేడు, మనమూ వాడుకోలేం. పేగుల్లో ఎస్టరేజ్ అనే ఎంజైములు ఉంటాయి, అవే తాళంచెవి. అసిటేట్ ముక్కని కోసేసి టోకోఫెరాల్‌ని బయటికి వదులుతాయి, అప్పుడే అది విటమిన్‌గా పనిచేస్తుంది. కాబట్టి మీ డబ్బాలో ఉన్నది నిఖార్సైన విటమిన్ ఈయే, కాకపోతే తాళం వేసి ఉంది.

అల్లూరు_గట్టు:
అమ్మాయ్ చల్లగా ఉండు, మా పాపకి చదివి వినిపించినా. అయితే నీళ్ళలో కొట్టిన అర లీటర్ సంగతి? నీళ్ళలో తాళం ఎవురు తీస్తారు?

ల్యాబ్_పిల్ల_నెల్లూరు:
మీ ప్రశ్నలోనే జవాబు ఉంది అన్నా. ఎవరూ తీయరు. అది నీళ్ళలో కరగదు కూడా, చిక్కటి లేత పసుపు నూనె. అర లీటర్‌లో 10 గ్రాములు ఉంది, మీ గుంట ఎకరా, నాలుగడుగుల లోతు అనుకుంటే 49 లక్షల లీటర్ల నీళ్ళు. అంతా సమానంగా కలిసింది అనుకున్నా లీటర్‌కి 0.002 మిల్లీగ్రాములు. మీరు చూసిన ఆ మూల మెరుపే ఆ డబ్బు.

ఇస్కపల్లి_హేచరీ:
అన్నా మీ పక్క ఊరోడినే, హేచరీలో పదకొండేళ్ళు. నీళ్ళలో విటమిన్ ఈ కొట్టడం అనేది వినడమే బాధగా ఉంది, ఎందుకంటే ఇది మీకొక్కరికే కాదు, నాకు తెలిసి చాలామందికి ఇట్టానే చెప్తుండారు. లోపలికి పోవాల్సింది మేతతోనే పోవాల. మేం తల్లి రొయ్యలకి స్క్విడ్, పాలీకీట్ పురుగులు పెడతాం, వాటితోపాటు విటమిన్ ఈ కూడా చూసుకుంటాం, గుడ్డు నాణ్యతకి అది కావాల. గుంటలో రొయ్యకి కూడా కావాల, కాదనను. కానీ మీరు చెప్పిన రెండు బాధల్లో షెల్ మెత్తదనం విటమిన్ ఈ వల్ల పోయేది కాదు. షెల్ అంటే కాల్షియం, మెగ్నీషియం, నీళ్ళ ఆల్కలినిటీ అంటే క్షార గుణం. మీ ఉప్పు ఎంత ఉంది, ఆల్కలినిటీ ఎంత, వానలు పడినాయా? అవి చూడకుండా విటమిన్ పోస్తా కూర్చుంటే షెల్ గట్టిపడదు. ముందు నీళ్ళు టెస్టు చేయించండి.

అల్లూరు_గట్టు:
ఉప్పు 6 ఉంది తమ్ముడూ. ఆల్కలినిటీ చూపించలా ఈ మధ్య. రేపు పొద్దున్నే శాంపిల్ పంపిస్తా.

టంగుటూరు_కోళ్ళు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నాకూ ఇదే విటమిన్‌తో ఒక అనుమానం. మేం కోళ్ళకి దాణా సొంతంగా కలుపుకుంటాం, తవుడు, మొక్కజొన్న, ఎండు చేప, కొంచెం నూనె. ఎండాకాలంలో నూనె కంపు వస్తుంది, అది రాకుండా విటమిన్ ఈ పొడి డ్రమ్ములో కలిపి పెట్టా. అయినా పదిహేను రోజులకే ముక్కు పగిలే వాసన. పొడి దొంగదా?

ల్యాబ్_పిల్ల_నెల్లూరు:
పొడి మంచిదే అయ్యుంటుంది అన్నా, మీరు అడిగిన పని అది చేయలేదు. డ్రమ్ములో నూనె చెడకుండా కాపాడాలంటే ఓహెచ్ తెరిచి ఉండాలి, అసిటేట్‌లో అది మూసి ఉంది. నూనె కంపుకొట్టినా అది పక్కన కూర్చుని చూస్తుంది తప్ప అడ్డుకోదు. నూనెని కాపాడటానికి తాళం లేని టోకోఫెరాల్ గానీ బీహెచ్‌టీ లాంటివి గానీ వాడతారు, అది వేరే సరుకు. కోడి లోపల పనిచేసేదానికి అసిటేట్, డ్రమ్ములో పనిచేసేదానికి తెరిచి ఉన్నది.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు, దెబ్బ తిని నేర్చుకున్నా. పీహెచ్‌డీ మొదటి ఏడాది నాకు డీపీపీహెచ్ టెస్టు ఇచ్చారు. అది ముదురు ఊదా రంగు ద్రావణం, యాంటీఆక్సిడెంట్ ఏదైనా కలిపితే నిమిషాల్లో రంగు విరిగి పసుపుకి వస్తుంది, మెషీన్‌లో 517 నానోమీటర్ల దగ్గర చదువుతాం. కంట్రోల్‌గా, అంటే పోల్చి చూసేదానికి, విటమిన్ ఈ పెట్టాలి, ఫ్రిజ్‌లో సీసా మీద పెద్ద అక్షరాల్లో విటమిన్ ఈ అని ఉంది, తీసి వాడేశా. ఊదా రంగు ఊదా రంగులాగే ఉంది. ఎక్కువ పోశా, అరగంట ఉంచా, చీకట్లో పెట్టా, కొత్త ద్రావణం చేశా, మెథనాల్ మార్చా, మూడు వారాలు పోయింది, నా చేతులే మంచివి కావని ఏడ్చేదాన్ని. చివరికి సీసా కింద అంచున చిన్న అక్షరాల్లో అసిటేట్ అని కనపడింది. టోకోఫెరాల్ తెప్పించి పోస్తే ఐదు నిమిషాల్లో ఊదా రంగు కరిగి పసుపైంది. ఆ టెస్ట్‌ట్యూబులు రెండూ పక్కపక్కన పెట్టి తీసిన ఫొటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. ఇప్పుడు జూనియర్లు ఎవరొచ్చినా ముందు ఆ ఫొటో చూపిస్తా.

టంగుటూరు_కోళ్ళు:
ఇన్నాళ్ళూ అది తెలియక పోశానమ్మా. మాకెవ్వరూ ఈ ముక్క చెప్పలేదు. సరే డ్రమ్ము కట్టేసి నూనె ఏ రోజుకారోజు కలుపుకుంటా. ఇంకోటి, కోడిపిల్లల్లో మూడు నాలుగు మెడ వెనక్కి వాల్చి పడిపోతున్నాయి, మూడు వారాల పిల్లలు. ఇదీ ఆ కంపు నూనె వల్లేనా?

గోపాలమిత్ర_పొదిలి:
అన్నా ఆగు. కంపు నూనె, విటమిన్ ఈ తక్కువ, రెండూ కలిస్తే రెండు వారాల నుంచి నాలుగు వారాల పిల్లల్లో చిన్న మెదడు మెత్తబడి మెడ తిరిగిపోయి కాళ్ళు తన్నుకుంటా పడిపోవడం ఉంది, నిజమే. కానీ కొక్కెర తెగులులో కూడా మెడ తిరుగుద్ది, అది అంటురోగం, షెడ్డు మొత్తం లేచిపోద్ది. టీకా వేశావా లేదా? చచ్చిన పిల్లని కవర్లో చుట్టి ఐసు పెట్టి ఇవాళే పశువుల ఆస్పత్రికి తీసుకుపో, కోసి చూస్తేనే తేలుద్ది. విటమిన్ పోసి వారం చూద్దాం అని మాత్రం కూర్చోవద్దు.

పనిలో పని, ఆ రొయ్యలన్న డబ్బాలో సోడియం సెలెనైట్, అంటే సెలీనియం ఉందన్నాడు కదా. విటమిన్ ఈ, సెలీనియం జోడీగా వస్తయ్, లోపల ఒకదాని పని ఇంకోటి పంచుకుంటది. గేదెలకి ఈనిన తర్వాత మాయ పడకపోతే ఎంత అవస్థో పాడి ఉన్నోళ్ళకి తెలుసు, చూడి చివరి వారాల్లో డాక్టర్లు ఈ జోడీ ఇంజెక్షన్ వేసేది అందుకే, అది కూడా అసిటేట్ రూపమే. కానీ సెలీనియం కొంచెం ఎక్కువైనా విషం. కావాల్సిందానికి, చంపేదానికి మధ్య దూరం చాలా తక్కువ. మా మండలంలో ఒకాయన రెండు సీసాలు వేస్తే రెండింతలు మేలనుకొని దూడకి సొంతంగా వేసుకున్నాడు, దూడ తెల్లారేసరికి పోయింది. నేను వెళ్ళేసరికి తల్లి ఇంకా దాన్ని నాకుతా ఉంది. కాబట్టి సెలీనియం కలిసిన డబ్బా అయితే లేబుల్ మీద రాసిన కొలత దాటొద్దు, మిగతా మందుల్లో కూడా సెలీనియం ఉందేమో చూసుకోండి.

కొత్తపట్నం_రొయ్య:
నేను మొదట తొందరపడి మోసం అన్నా, వెనక్కి తీసుకుంటున్నా. కానీ నీళ్ళలో కొట్టమన్నదానికి మాత్రం కోపం తగ్గలేదు. ఇంతకీ ఎంత కలపాలి, ఎట్టా కలపాలి, అది చెప్పండి ఎవరైనా, మాకూ పనికొస్తది.

ఇస్కపల్లి_హేచరీ:
చెప్తా. వనామీ పిల్లకి కిలో మేతలో సుమారు 100 మిల్లీగ్రాముల విటమిన్ ఈ కావాలని 1990లలోనే తేల్చినారు. కంపెనీ మేతలో ప్రీమిక్స్‌తో, అంటే విటమిన్లు మినరల్స్ కలిపిన పొడితో, అది ముందే వేసి ఉంటారు. మనం పైన వేసేది అదనం, ఎప్పుడంటే స్ట్రెస్ అయినప్పుడు, మేతకి చేప నూనె పట్టించేటప్పుడు. నూనె ఎంత ఎక్కువ పోతే విటమిన్ ఈ అంత ఎక్కువ ఖర్చయ్యేది.

మీ డబ్బా లీటర్‌కి 20 గ్రాములు, అంటే మిల్లీలీటర్‌కి 20 మిల్లీగ్రాములు. కిలో మేతకి 5 మిల్లీలీటర్లు పోస్తే 100 మిల్లీగ్రాములు. రోజుకి గుంటకి 30 కిలోలు వేస్తే 150 మిల్లీలీటర్లు, ఒక లీటర్ వారం కూడా రాదు. ఇంకో సరుకు ఉంది, ఫీడ్ కలిపేవాళ్ళు వాడేది, విటమిన్ ఈ 50 పొడి అంటారు. సిలికా పొడికి ఆ నూనె పీల్పించి ఆడతారు, చేతికి అంటకుండా తెల్లగా జారుతా ఉంటాది. అందులో సగం అసిటేట్, గ్రాముకి 500 మిల్లీగ్రాములు. అదే 30 కిలోల మేతకి 6 గ్రాములు చాలు. లేబుల్ మీద ఐయూ, అంటే విటమిన్ కొలిచే అంతర్జాతీయ యూనిట్, అని ఉంటే భయపడొద్దు, సింథటిక్ అసిటేట్ 1 మిల్లీగ్రామ్ అంటే సరిగ్గా 1 ఐయూ, 50 పొడి గ్రాముకి 500 ఐయూ. ఆ 6 గ్రాముల పొడి ధర, 150 మిల్లీలీటర్ల డబ్బా మందు ధర పక్కపక్కన వేసుకొని చూసుకోండి.

కలిపేది ఎట్టంటే పొడిని కొంచెం చేప నూనెలోనో మేతకి మందు అంటించే బైండర్ జెల్‌లోనో బాగా గిలకొట్టి, టార్పాలిన్ మీద మేత పోసి, చల్లి, చేత్తో తిప్పి, నీడలో అర గంట ఆరనిచ్చి వేయాల. ఎండలో పెట్టొద్దు. కొవ్వుతో కలిసి పోతేనే లోపల ఒంటబట్టేది, ఒట్టి నీళ్ళలో కలిపి చల్లితే మేత మీద నిలవదు, గుంటలో వేయగానే విడిపోద్ది.

ఇంకో మాట. ఒక గుంటకే వాడండి. రెండూ ఒకే సీడ్, ఒకే మేత, ఒకే రాత్రి దెబ్బ తిన్నాయి. మినరల్స్ రెండిట్లో వేయండి, విటమిన్ ఈ మాత్రం ఒక దాంట్లో. పది రోజులు ట్రే చూసి రాసుకోండి. అప్పుడే ఏది దేనివల్లో తెలుస్తాది, లేకపోతే ప్రతి సీజన్ ఎవురో ఒకరు చెప్పింది పోస్తానే ఉంటాం.

ఉలవపాడు_మామిడి:
అన్నయ్యలూ నాది ఇంటి ప్రశ్న. ఆ ఆకుపచ్చ క్యాప్సూల్ పిండి ముఖానికి రాస్తున్నా రెండు నెలల నుంచి. తాళం సంగతి చదివాక అనుమానం వచ్చింది. ఇంకా మా నాన్నగారికి గుండె వాల్వు ఆపరేషన్ అయింది, రక్తం గడ్డకట్టకుండా వార్‌ఫరిన్ వేసుకుంటారు, ఆయనకి కూడా బలానికి అని రోజూ ఒకటి ఇస్తున్నా.

మందుల_కొట్టు_కావలి:
అమ్మా, నాన్నగారికి ఆ విటమిన్ ఈ క్యాప్సూల్ ఈ రోజు నుంచి ఆపేయండి, వార్‌ఫరిన్ కాదు, ముందు ఆ పని చేసి తర్వాత మిగతాది చదవండి. విటమిన్ ఈ ఎక్కువ డోసు రక్తం గడ్డకట్టడాన్ని తగ్గిస్తుంది, వార్‌ఫరిన్ చేసేదీ అదే, రెండూ కలిస్తే లోపల ఎక్కడైనా రక్తస్రావం కావచ్చు. ఇన్నాళ్ళు ఇచ్చిన సంగతి ఆయన డాక్టర్‌కి దాచకుండా చెప్పి రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఐఎన్ఆర్ టెస్టు చేయించండి.

పెద్దవాళ్ళకి రోజుకి కావాల్సింది 15 మిల్లీగ్రాములు అని అమెరికా లెక్క, ఈ క్యాప్సూల్‌లో 400. సింథటిక్ కాబట్టి కొంత తగ్గించి లెక్కేసినా పది రోజులకి పైగా సరుకు ఒక్క గుటకలో. బలానికి అని జనం అడుగుతారు, మేమూ ఇచ్చేస్తాం, కానీ 2001లో అమెరికా, కెనడాల్లో 35,533 మంది మగవాళ్ళ మీద సెలెక్ట్ అనే పెద్ద పరిశోధన మొదలుపెట్టారు, రోజుకి 400 ఐయూ ఇదే అసిటేట్ ఇచ్చి ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గుతుందేమో అని. 2008లో మందులు ఆపించారు, లాభం లేదని. 2011లో లెక్క తీస్తే విటమిన్ ఈ వేసుకున్నవాళ్ళలో ఆ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ వచ్చింది. ఆ వార్త చదివిన రోజు నుంచి నేను ఊరికే బలానికి అని అడిగినవాళ్ళకి ఇవ్వడం మానేశా, గిరాకీ పోతే పోనీ.

ల్యాబ్_పిల్ల_నెల్లూరు:
ముఖం సంగతి నేను చెప్తా అక్కా. చర్మంలో కూడా కొంచెం ఎస్టరేజ్ ఉంటుంది, కానీ పేగుల్లో జరిగినంత జరగదు, అసిటేట్‌లో ఎక్కువ భాగం అట్లాగే ఉండిపోతుంది. నూనె రాసిన మెత్తదనం వస్తుంది, అది కొబ్బరి నూనెతోనూ వస్తుంది. దద్దుర్లు, దురద వస్తే మాత్రం వెంటనే ఆపండి, కొంతమందికి పడదు.

ఉలవపాడు_మామిడి:
ఆపేశాను అన్నయ్యా, ఇప్పుడే వదినకి ఫోన్ చేసి ఆ క్యాప్సూల్స్ తీసి పక్కన పెట్టించా. రేపు ఒంగోలు తీసుకెళ్తున్నాం. చేతులు వణుకుతున్నాయి టైప్ చేస్తుంటే.

కందుకూరు_మాస్టారు:
ఈ చర్చ రెండు రోజులుగా చదువుతున్నా. ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పినవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నా. 1922లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో హెర్బర్ట్ ఎవాన్స్, కాథరిన్ బిషప్ అనే ఇద్దరు ఎలుకలకి శుద్ధి చేసిన మేత పెట్టి పెంచారు. ఎలుకలు బాగానే పెరిగాయి, కడుపులు కూడా వచ్చాయి, కానీ నిలిచేవి కావు, పిల్లలు లోపలే కరిగిపోయేవి. లెట్యూస్ ఆకు పెడితే కాన్పు అయ్యింది. ఆకులో ఉన్న ఆ తెలియని పదార్థమే తర్వాత విటమిన్ ఈ. 1936లో గోధుమ మొలక నూనె నుంచి దాన్ని విడదీసి టోకోఫెరాల్ అని పేరు పెట్టారు, గ్రీకులో టోకోస్ అంటే కాన్పు, ఫెరైన్ అంటే మోయడం. 1938లో పాల్ కారర్ ల్యాబ్‌లో తయారుచేశారు. ఇందాక హేచరీ అబ్బాయి చెప్పిన ఐయూ కూడా ఆ ఎలుకల నుంచి వచ్చిందే. కడుపు నిలబెట్టడానికి ఎంత కావాలో ఎలుకల్లోనే కొలిచి, సహజమైన అసిటేట్ 1 మిల్లీగ్రామ్ 1.36 ఐయూ, సింథటిక్ 1 ఐయూ అని లెక్క కట్టారు. సింథటిక్‌లో అణువు ఎనిమిది రకాల మలుపుల్లో కలగలిసి ఉంటుంది, ప్రకృతిలో ఒక్క రకమే, ఆ తేడా అది. పొదిలి తమ్ముడు చెప్పిన గేదె మాయ, హేచరీలో తల్లి రొయ్య గుడ్డు, అన్నీ ఆ మొదటి ఎలుక కాన్పు దగ్గరికే చేరుతున్నాయి, అది నాకు చాలా సంతోషం కలిగించింది.

వీఎస్‌యూ_కుర్రాడు:
ల్యాబ్ అక్కా, నాకు డిసర్టేషన్‌లో ఆల్ఫా టోకోఫెరిల్ సక్సినేట్ అని ఇచ్చారు, క్యాన్సర్ కణాల మీద. అదీ తాళమేనా?

ల్యాబ్_పిల్ల_నెల్లూరు:
తాళమే తమ్ముడూ, కానీ ఇక్కడ తాళమే మందు. అసిటేట్ నూనె, సక్సినేట్ తెల్లటి పొడి. 1982లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణాల మీద వేసి చూస్తే మామూలు విటమిన్ ఈ చేయని పని ఇది చేసింది, కణాల పెరుగుదల ఆగింది. ఆ పని అణువు విడిపోకుండా మొత్తంగా ఉన్నప్పుడే జరుగుతుంది, ఓహెచ్‌తో సంబంధం లేదు. నోటితో మింగితే పేగుల్లో సక్సినేట్ కోసుకుపోయి మామూలు టోకోఫెరాల్ అయిపోతుంది, కాబట్టి ల్యాబ్ ప్లేట్‌లో వచ్చిన ఫలితం చూసి ఎవరికీ మింగమని చెప్పకు. ఇథనాల్‌లో కరిగించు, చివర్లో కణాల మీద ఇథనాల్ శాతం ఎంత పడుతుందో చూసుకో, ఒట్టి ఇథనాల్ వేసిన కంట్రోల్ తప్పకుండా పెట్టు. సక్సినేట్‌కి పాలీఇథిలీన్ గ్లైకాల్ తోక అతికిస్తే టీపీజీఎస్ అవుతుంది, అది నీళ్ళలో కరుగుతుంది. పైత్యరసం పేగుల్లోకి రాని పసిపిల్లలకి మామూలు విటమిన్ ఈ ఒంటబట్టదు, వాళ్ళకి అది ఇస్తారు. పసిపిల్లల నరాలు దెబ్బతినకుండా ఆపిన మందు అది, అందుకే ఈ సబ్జెక్ట్ అంటే నాకు ప్రాణం.

ఇంకోటి అందరికీ. 2019లో అమెరికాలో ఈ-సిగరెట్ తాగిన కుర్రాళ్ళు ఊపిరాడక ఆస్పత్రుల పాలయ్యారు, 2020 ఫిబ్రవరికి 2,807 కేసులు, 68 మరణాలు. గంజాయి నూనెని చిక్కగా చూపించడానికి ఇదే అసిటేట్ కలిపారు. 51 మంది ఊపిరితిత్తుల నీళ్ళు తీసి చూస్తే 48 మందిలో ఇది దొరికింది. కడుపులోకి పోతే మంచిదే, వేడి చేసి పీలిస్తే ఊపిరితిత్తుల్లో దారుణం. మన దగ్గర ఈ-సిగరెట్లు ఆ ఏడాదే నిషేధించారు, అయినా దొరుకుతున్నాయి, ఇంట్లో పిల్లలుంటే చూసుకోండి.

టంగుటూరు_కోళ్ళు:
చచ్చిన కోడిపిల్లని కోసి చూశారు. కొక్కెర తెగులు కాదంట, చిన్న మెదడు వాచి రక్తపు చుక్కలు ఉన్నాయంట, దాణా మార్చమన్నారు. డ్రమ్ములో ఉన్నది మొత్తం గోతిలో పోసి పూడ్చేశా. పొదిలి తమ్ముడికి రుణపడి ఉంటా.

ఉలవపాడు_మామిడి:
నాన్నకి ఐఎన్ఆర్ ఎక్కువే వచ్చింది, డోసు సర్దారు, మళ్ళీ వారం తర్వాత రమ్మన్నారు. చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని ఆయన ఇన్నాళ్ళూ మాకు చెప్పలేదు.

అల్లూరు_గట్టు:
పన్నెండు రోజులైంది, చెప్పినట్టే రాసుకున్నా. ఆల్కలినిటీ 80 వొచ్చింది, తక్కువంట. రెండు గుంటల్లో మినరల్స్ వేసినాం, సున్నం కూడా. ఒకటో గుంటకి విటమిన్ ఈ 50 పొడి, బంగారం షాపు కాటా మీద 6 గ్రాములు తూకం వేసి, మా పాపే పొట్లాలు కట్టి తేదీలు రాసి పెట్టింది. రెండో గుంటకి ఉత్త చేప నూనె.

షెల్ రెండిట్లోనూ గట్టిపడింది, ఆరో రోజుకి తేడా తెలిసింది. మేత కూడా రెండిట్లో ఒకే మాదిరి పెరిగింది, ట్రే రెండు గంటల్లో ఖాళీ. ఒకటో గుంట రొయ్య కొంచెం తేటగా ఉందని నాకనిపిస్తా ఉండాది, పాప మాత్రం అనిపించింది రాయొద్దు నాయినా, తూకం రాయి అనింది. తూకం వేస్తే రెండు గుంటల రొయ్యా ఒకటే బరువు తూగింది. అందుకని పొడి ఆపేసినా, మేతలో ఉన్నది చాలనుకుంటుండా. ఆ డబ్బుతో జనరేటర్‌కి కొత్త బ్యాటరీ వేయించినా, నిన్న రాత్రి మళ్ళీ కరెంటు పోయింది, రెండు నిమిషాల్లో ఏరియేటర్లు తిరిగినాయి.